గాలివాన వెలిశాక హ్యూస్టన్ ఇంటికి

అమెరికా గల్ఫ్ తీరంలో కొత్తగా కాపురం పెట్టిన మనవాళ్లకు తుఫాను ముందు ఏం చేయాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. నీళ్ల సీసాలు కొనిపెట్టుకోండి, కారులో గ్యాస్ నింపుకోండి, డాలస్‌లో బాబాయి వాళ్లింటికి వెళ్లిపోండి అంటారు. తిరిగి ఎలా రావాలో మాత్రం ఎవరూ చెప్పరు. గాలి ఆగింది, ఎండ కాస్తోంది, ఇంకేం బయల్దేరదాం అనుకుంటాం. అసలు జాగ్రత్త కావాల్సింది అక్కడినుంచే. 2024 జులై 8న బెరిల్ హరికేన్ హ్యూస్టన్ మీదుగా కొన్ని గంటల్లో దాటిపోయింది. కానీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. తర్వాతి రోజుల్లో జనం వడదెబ్బకూ, జనరేటర్ పొగకూ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

‘కోస్తాలో పుట్టి పెరిగాం, మాకు తుఫాన్లు కొత్తా?’ అనే వాళ్లుంటారు. దివిసీమ ఉప్పెన కథలు ఇంట్లో విన్నవాళ్లు, 2014లో విశాఖలో హుద్‌హుద్‌ను కళ్లారా చూసినవాళ్లు. ఆ అనుభవాన్ని తక్కువ చేయడం లేదు గానీ, ఇల్లు చేరాక అదే మనల్ని పక్కదారి పట్టిస్తుంది. అక్కడ ఇటుక గోడ, సిమెంటు గచ్చు. బురద ఊడ్చి, బిందెలతో నీళ్లు కొట్టి, తలుపులు బార్లా తెరిస్తే కొన్నాళ్లకు ఇల్లు ఆరిపోతుంది. ఇక్కడ టెక్సాస్‌లో బయటికి ఇటుక కనిపించినా లోపలంతా చెక్క చట్రమే. దానికి జిప్సం పలకలు బిగిస్తారు. ఇక్కడివాళ్లు వాటిని షీట్‌రాక్ అంటారు. లోపలి ఖాళీలో ఇన్సులేషన్ కూరుతారు. ఆ పలక టీలో ముంచిన బిస్కెట్టులా తడిని పైకి పీల్చుకుంటుంది. గదిలో జానెడు నీళ్లు నిలిస్తే గోడలో అంతకంటే చాలా ఎత్తుదాకా తడి ఉంటుంది. పైకి చూస్తే రంగు చెక్కుచెదరదు. లోపల మాత్రం ఇరవైనాలుగు నుంచి నలభై ఎనిమిది గంటల్లో బూజు మొదలవుతుంది.

ముందు దారి సంగతి. ఊరు ఖాళీ చేయమని చెప్పేదీ, తిరిగి రావచ్చని చెప్పేదీ కౌంటీ జడ్జ్, నగర మేయర్. వాట్సాప్ గ్రూపులో ‘మా వీధి క్లియర్ అండీ’ అని వచ్చిన మెసేజీ మీ వీధికి చెల్లదు. 2005లో రీటా వస్తోందని హ్యూస్టన్ ఒక్కసారిగా కదిలి రోడ్లు స్తంభించిపోయాయి. డాలస్ దగ్గర వృద్ధులను తీసుకెళ్తున్న బస్సు అంటుకుని 23 మంది చనిపోయారు. అందరూ ఒకేరోజు తిరుగుముఖం పట్టినా అదే ఇరుకు, పైగా దారిలో గ్యాస్ దొరకదు. సగం ట్యాంకు అయిందంటే నింపుకుంటూ రండి. కార్డు మెషీన్లు పనిచేయకపోవచ్చు, కొంత నగదు దగ్గర ఉంచుకోండి. డ్రైవ్‌టెక్సాస్ సైట్లో మూసిన రోడ్లు చూసుకుని, పగటిపూటే చేరేలా బయల్దేరండి. సిగ్నళ్లు ఆరిపోయిన కూడలిని నాలుగు వైపులా స్టాప్ గుర్తు ఉన్నట్టే దాటాలి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే, ముందు కారు వెళ్లింది కదా అని మీరు దిగకండి. అడుగు లోతు నీళ్లు చిన్న కారును తేల్చేయగలవు.

బాగా దెబ్బతిన్న ప్రాంతాల్లో పోలీసులు చిరునామా రుజువు చూసి లోపలికి వదులుతారు. కొత్తగా వచ్చినవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. లైసెన్సు మీద ఇంకా న్యూజెర్సీ అడ్రసే ఉంటుంది. టెక్సాస్‌కు మారిన 90 రోజుల్లోపు దాని బదులు టెక్సాస్ లైసెన్సు తీసుకోవాలి. ఆ పని కాకపోతే లీజు కాగితమో, కరెంటు బిల్లో అచ్చు తీసి కారులో పెట్టుకోండి. సెల్ టవర్లు పడిపోయిన చోట ఈమెయిల్లో ఉన్న బిల్లు ఎందుకూ కొరగాదు.

మొదటి రోజు కుటుంబమంతా వెళ్లనక్కర్లేదు. పిల్లల్నీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ ఉన్నచోటే ఉంచి ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లొస్తే చాలు. కరెంటు లేని ఇంట్లో హ్యూస్టన్ జులై ఎండ డెబ్బై ఏళ్ల వాళ్లకు ప్రాణాంతకం. ‘మేం ఇంతకంటే ఎండలు చూశాం’ అంటారు. చూశారు, నిజమే. కానీ ఆ ఇళ్లకు ఎదురెదురు కిటికీలుండేవి, ఎత్తయిన కప్పులుండేవి. ఈ ఇల్లు ఏసీని నమ్ముకుని కట్టింది. వాళ్లు వాడే ఇన్సులిన్ వేడికి గురై ఉంటే వాడొద్దు, ఫార్మసీలో అడిగి మార్చుకోండి.

ఇల్లు చేరగానే తలుపు తీసి, చెప్పులు విడిచి, దేవుడి దగ్గర దీపం పెట్టడం మనకు అలవాటు. ఈ ఒక్కసారికి మూడూ ఆపండి. ముందు ఇంటి చుట్టూ తిరిగి చూడండి. తెగిన తీగ కనిపిస్తే అందులో కరెంటు ఉన్నట్టే లెక్క, దూరం నుంచే కరెంటు కంపెనీకి ఫోన్ చేయండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గ్యాస్ కారుతోంది. అగ్గిపుల్ల, అగరొత్తి సరే, లైటు స్విచ్చి కూడా తాకకుండా బయటికి వచ్చేసి, దూరంగా నిలబడి 911కి చెప్పండి. బ్రేకర్ పెట్టెను నీళ్లలో నిలబడి ముట్టుకోవద్దు. ఇంట్లోకి నీళ్లు వచ్చి ఉంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చూసేదాకా కరెంటు వేయకండి. కాళ్లకు మందపాటి బూట్లు, చేతులకు గ్లవ్స్, మూతికి ఎన్-95 మాస్కు ఉండాలి. వరదనీటిలో మురుగు కలిసి ఉంటుంది, మేకులుంటాయి, పాములుంటాయి. టెక్సాస్ నిప్పుచీమలు గుంపుగా ముద్దకట్టి నీటి మీద తేలుతూ వస్తాయి. టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే మళ్లీ వేయించుకోవడం మేలు.

గరాజులో ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లు మన వీధుల్లో ఇప్పుడు చాలామందే. ఉప్పునీరు తగిలిన లిథియం బ్యాటరీ రోజులు గడిచాక కూడా అంటుకోవచ్చు. 2022లో ఇయన్ హరికేన్ తర్వాత ఫ్లోరిడాలో అలాగే జరిగింది. మునిగిన కారును స్టార్ట్ చేయొద్దు, చార్జింగ్‌కు పెట్టొద్దు. లాగించి ఇంటికి కనీసం 50 అడుగుల దూరంలో పెట్టించండి.

లోపలికి వెళ్లాక చీపురుకంటే ముందు ఫోన్ తీయండి. ప్రతి గదీ, గోడ మీద నీటి చార, ఫ్రిజ్ వెనక మోడల్ నంబరు, సీరియల్ నంబరు, తడిసిన మంచం, అన్నీ ఫొటోలూ వీడియోలూ తీయండి. కార్పెట్ పారేసే ముందు ఓ ముక్క కోసి దాచండి. ఇన్సూరెన్స్ అడ్జస్టర్ వచ్చేదాకా ఏదీ కదపకూడదని కొందరు భయపడి కూర్చుంటారు. ఆ భయంతో ఇల్లు బూజుపట్టిపోతుంది. ఫొటోలు తీశాక ఆరబెట్టడం మొదలుపెట్టడం మీ బాధ్యతే, నష్టం పెరగనిస్తే కంపెనీ ఆ మాట పట్టుకుంటుంది. నీటి చారకు పైదాకా షీట్‌రాక్ కోయించి, తడి ఇన్సులేషన్ లాగించి, కరెంటు సురక్షితమని తేలాక ఫ్యాన్లు, డీహ్యూమిడిఫయర్ పెట్టండి. గోడ కోయించడానికి మనసొప్పదు. నన్నడిగితే, పైన తుడిచి రంగు వేయించడం కంటే ఖరీదైన పొదుపు లేదు. శుభ్రం చేసేటప్పుడు బ్లీచ్‌లో అమోనియా ఉన్న ద్రావణం కలపొద్దు, ఆ వాయువు విషం.

ఇక వంటిల్లు. మన ఫ్రీజర్లలో ఉండే సరుకు వేరు: ఊరి నుంచి వచ్చిన పొడులు, కొబ్బరి తురుము, గోంగూర, చేపల పులుసు డబ్బాలు. పారేయాలంటే ప్రాణం ఒప్పదు. లెక్క మాత్రం కచ్చితం. తలుపు తీయని ఫ్రిజ్ 4 గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండింది 24 గంటలు. ఆపైన పాలు, పెరుగు, ఇడ్లీ పిండి, వండిన కూర, మాంసం అన్నీ చెత్తలోకే. రుచి చూసి తేల్చుకునే పని కాదు. ఊరు వదిలే ముందు ఫ్రీజర్లో గడ్డకట్టిన గ్లాసు నీటి మీద ఓ నాణెం పెట్టి వెళ్తే, వచ్చాక అది అడుగుకు దిగిందో లేదో చూసి, మధ్యలో మంచు కరిగి మళ్లీ గడ్డకట్టిందో తెలుసుకోవచ్చు. వరద నీరు తాకిందంటే బియ్యం బస్తా, కందిపప్పు సంచి మాత్రమే కాదు, మర మూత ఉన్న ఆవకాయ సీసా కూడా పోయినట్టే. మూత మరల్లో చేరిన మురుగును ఎంత కడిగినా నమ్మలేం. సొట్ట పడని రేకు డబ్బాలను మాత్రం లేబుల్ తీసి కడిగి, బ్లీచ్ నీళ్లలో శుద్ధిచేసి వాడుకోవచ్చు.

నగరం బాయిల్ వాటర్ నోటీసు ఇస్తే తాగే నీళ్లనూ వంట నీళ్లనూ తెర్లుతుండగా ఓ నిమిషం మరగనివ్వాలి. ఫ్రిజ్ ఫిల్టర్ నీళ్లు దానికి బదులు కావు. నోటీసు ఎత్తేశాక కుళాయిలు కాసేపు వదిలి, ఐస్ మొత్తం పారేయండి.

జనరేటర్ అరువు తెచ్చుకుంటే దాన్ని ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీకి ఎదురు కాకుండా పెట్టాలి. గరాజు తలుపు తీసి ఉంచాం కదా అనే సమర్థింపు పనికిరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. 2020లో లారా హరికేన్ తర్వాత లూసియానాలో ఇలా చనిపోయినవాళ్లు చాలామంది. బొగ్గుల గ్రిల్, క్యాంపింగ్ పొయ్యి కూడా ఇంట్లో వెలిగించకూడదు.

డబ్బు విషయానికొస్తే, మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వరద నష్టం ఇవ్వదు. అద్దెకున్నవాళ్ల రెంటర్స్ పాలసీ కూడా అంతే. గాలికి కప్పు ఎగిరితే ఇస్తారు గానీ, డిడక్టబుల్ శాతంలో ఉంటుంది. 4 లక్షల డాలర్ల ఇంటికి 2 శాతమంటే మొదటి 8 వేలు మీ జేబులోంచే. కారుకు కాంప్రిహెన్సివ్ ఉంటే వరద నష్టం వస్తుంది. ప్రభుత్వ వరద బీమా ఉన్నవాళ్లు ప్రూఫ్ ఆఫ్ లాస్ కాగితం 60 రోజుల్లో దాఖలు చేయాలి. అద్దె ఇల్లు పాడైతే అద్దె కట్టడం మీ అంతట మీరే ఆపేయకండి. పూర్తిగా నివాసయోగ్యం కాకపోతే, మరమ్మతు పూర్తయ్యేలోగా రాతపూర్వకంగా నోటీసిచ్చి లీజు రద్దు చేసుకునే వీలు టెక్సాస్ చట్టంలో ఉంది.

ఫెమా (కేంద్ర ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ) ఇచ్చే సాయం గురించి మనవాళ్లలో రెండు అపోహలున్నాయి. టాక్స్ కడుతున్నాం కాబట్టి మాకూ వస్తుందన్నది ఒకటి. నగదు సాయం పౌరులకు, గ్రీన్‌కార్డు వంటి అర్హత ఉన్నవాళ్లకే, హెచ్-1బి, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు రాదు. వీసా మీద ఉన్నాం కాబట్టి అడగనే కూడదన్నది రెండోది. అదీ తప్పే. ఇక్కడ పుట్టి మీతోపాటు ఆ ఇంట్లో ఉంటున్న మైనరు బిడ్డ తరఫున, బిడ్డ సోషల్ సెక్యూరిటీ నంబరుతో తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టొచ్చు. గడువు మామూలుగా విపత్తు ప్రకటన నుంచి 60 రోజులు. దరఖాస్తు రోజున నిబంధనలు ఓసారి సరిచూసుకుని, ఉన్నది ఉన్నట్టు రాయండి. షెల్టరుకు, భోజనానికి, తాగునీటికి మాత్రం వీసా అడ్డు కాదు, మొహమాటపడకుండా వెళ్లండి. డాలస్‌లో ఉండి వారాల తరబడి పనిచేయాల్సి వస్తే కంపెనీ ఇమిగ్రేషన్ లాయరుకు ముందే చెప్పండి. హెచ్-1బికి పనిచేసే చోటు ముఖ్యం. తడిసిన పాస్‌పోర్టును ఇస్త్రీ పెట్టి ఆరబెట్టే ప్రయోగాలు మాని, భారత కాన్సులేట్ ద్వారా కొత్తది తీసుకోండి.

నీళ్లు దిగీ దిగకముందే తలుపు కొట్టే కాంట్రాక్టర్లు వస్తారు. పూర్తి డబ్బు ముందే ఇవ్వొద్దు, ఖాళీలున్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. ‘మీ డిడక్టబుల్ మేం మాఫీ చేసేస్తాం’ అనేవాడు టెక్సాస్‌లో చట్టవిరుద్ధమైన మాట చెబుతున్నాడు. ఫెమా ఇన్‌స్పెక్టర్ పైసా అడగడు. అడిగితే అతను ఫెమా మనిషి కాదు.

2017లో హార్వీ వచ్చినప్పుడు బార్కర్ రిజర్వాయరు వెనక నీళ్లు ఎదురుతన్ని కేటీ వైపు కాలనీల్లో నిలిచాయి. ఆ ఇళ్లు చాలావరకు మ్యాపులో వరద జోన్ బయటివే, అందుకే చాలామందికి వరద బీమా లేదు. మీ ఇల్లు జోన్‌లో ఉన్నా లేకున్నా ఆ పాలసీ తీసుకోండి. కొన్న 30 రోజులకు గానీ అది సాధారణంగా అమల్లోకి రాదు. హరికేన్ సీజన్ జూన్ 1న మొదలవుతుంది కాబట్టి ఏప్రిల్ నెలాఖరులోపే కట్టేయండి.