మొక్కలకు శబ్దం తెలుస్తుందా?

మొక్కకు చెవులు లేవు కానీ కంపనాన్ని పసిగట్టే కణాలున్నాయి. ధ్వని తరంగం తాకితే కణత్వచం కదిలి, కాల్షియం అయాన్లు సంకేతంగా పనిచేస్తాయని శాస్త్రవేత్తల భావన.

2014లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగాన్ని అభ్యర్థులు వివరంగా చదవాలి. గొంగళిపురుగు ఆకు నమిలేటప్పుడు పుట్టే కంపనాలను రికార్డు చేసి, ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ ఆకులకు అందించారు. తర్వాత నిజమైన పురుగులను వదిలితే, ఆ ఆకుల్లో గ్లూకోసినోలేట్లనే ఘాటైన రక్షణ రసాయనాలు ఎక్కువగా తయారయ్యాయి. గాలి వల్ల కలిగే కంపనాలకు మాత్రం ఆ స్పందన లేదు. చిటికెడంత మొక్క శత్రువును గాలి నుంచి వేరుగా గుర్తించడం ఎంత అబ్బురం!

2004లో అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు సంగీతం వినిపించిన బెండ, జుకినీ గింజలు మెరుగ్గా మొలకెత్తాయని ప్రకటించారు. అన్నామలై విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రవేత్త టి.సి. సింగ్ 1950లలోనే మొక్కలపై సంగీత ప్రభావాన్ని పరీక్షించారు. రాగం కన్నా పౌనఃపున్యం, తీవ్రత, వ్యవధి కీలకం.

పొరపడవద్దు: శాస్త్రవేత్త జగదీశ్ చంద్రబోస్ రూపొందించిన క్రెస్కోగ్రాఫ్ పరికరం కొలిచేది మొక్క పెరుగుదలను, ధ్వనిని కాదు.

మొక్కలు శబ్దాలు చేస్తాయి కూడా: నీరందని టమాటా, పొగాకు మొక్కలు మనకు వినపడని అతిధ్వనులను గంటకు పలుమార్లు వెలువరిస్తాయని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం 2023లో వెల్లడించింది.