లెన్సు డబ్బులు గైడుకివ్వు

విజయవాడ

అమ్మడూ,

నువ్వు పంపిన కెన్యా టూర్ ప్లాను రెండుసార్లు చదివాను. నవంబరు చివర్లో బయల్దేరడం మంచిదే. మసాయి మారాలో మూడు రాత్రులు, అంబోసెలిలో రెండు, నకూరులో ఒకటి అని రాశావు. అంతా అయ్యాక అసలు ప్రశ్న అడిగావు, కెమెరాకు ఆ పెద్ద లెన్సు కొనాలా వద్దా అని. వద్దు. ఆ డబ్బు పెట్టి, వెళ్లిన ప్రతిచోటా ఆ ఊరి పక్షుల గైడును పెట్టుకో. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట కోసమే. మిగతాదంతా నా వాగుడనుకున్నా పర్లేదు.

నీ ప్లాను సింహాల కోసం వేసింది. వేసినవాళ్లను తప్పు పట్టలేం, నైరోబీలో దిగినవాళ్లంతా అడిగేది సింహాన్నే. పక్షులు కావాలంటే దారి మార్చాలి. ఇండియా మొత్తమ్మీద పదమూడు వందల పైచిలుకు పక్షి జాతులుంటే, మన ఉమ్మడి రాష్ట్రానికి రెండింతలుండే కెన్యాలోనే వెయ్యి దాటాయి. అక్కడ భూమధ్యరేఖ పక్కనే 5,199 మీటర్ల మంచుకొండ ఉంది. కింద సముద్రతీరం, మధ్యలో ఉప్పు సరస్సులు, ఉత్తరాన ముళ్లకంపల ఎడారి, పడమట కాంగో అడవి తోక. ఏ ఎత్తుకా పక్షులు. మారా గడ్డిలోనే కూర్చుంటే వీటిలో ఒక పేజీ మాత్రమే చూసినట్టు. కాబట్టి అంబోసెలి, నకూరు తీసెయ్. కిలిమంజారో ఫొటో పోతుందని బెంగపెట్టుకోకు, ఆ కొండ చాలా రోజులు మబ్బు చాటునే ఉంటుంది. నైరోబీ నుంచి రిఫ్ట్ లోయలోకి దిగి బొగోరియా, బరింగో చూసుకుని, పడమటికి తిరిగి కాకమేగా అడవికెళ్లు. మారా చివర్లో పెట్టుకో.

నకూరు ఎందుకు తీసేశావు మావయ్యా, ఫ్లెమింగోలు అక్కడే కదా అంటావు. ఒకప్పుడు అక్కడే. అక్కడ ఎక్కువగా ఉండేది లెస్సర్ ఫ్లెమింగో, మన పులికాట్‌లో గుంపులుగా దిగే గ్రేటర్ కంటే పొట్టిది, ముక్కు ముదురు రంగు. దాని ప్రధాన తిండి, సోడా నీళ్లలో పెరిగే పచ్చటి నాచు. మందుల షాపుల్లో స్పిరులినా మాత్రలని అమ్ముతారే, ఆ జాతిదే. ముక్కు తలకిందులుగా నీళ్లలో ముంచి వడగట్టుకుంటుంది. కొన్నేళ్లుగా రిఫ్ట్ లోయ సరస్సుల్లో నీటిమట్టం పెరిగి, నకూరు పార్కు పాత గేటు, రోడ్లు మునిగిపోయాయి. మంచినీళ్లు కలిసి సోడా పలచబడితే నాచు పోతుంది, నాచుతోపాటే పక్షులూ పోతాయి. బొగోరియా ఇంకా గట్టి సోడా సరస్సు, ఒడ్డున వేడినీటి బుగ్గలు పొగలు కక్కుతుంటాయి. పిల్లల్ని పెంచడానికి మాత్రం ఇవన్నీ టాంజానియాలోని నేట్రాన్ సరస్సుకే పోతాయి. ఆ సోడా మధ్యకు నక్క కూడా అడుగు పెట్టలేదు. ఏ వారం ఏ సరస్సులో ఎన్ని పక్షులున్నాయో పుస్తకం చెప్పదు. నిన్న అక్కడికి వెళ్లొచ్చిన గైడు చెబుతాడు.

ఇక బరింగో. నేను నైరోబీలో లెక్కలు రాసుకునే ఉద్యోగం చేసిన రోజుల్లో నాకు బాగా నచ్చిన చోటు అదే. మంచినీటి సరస్సు, వెనక ఎర్రటి కొండచరియ, చుట్టూ తుమ్మకంప. పొద్దున్నే లేచి ఆ కంపలో ఒక్కదానివే తిరిగితే ఎండ తప్ప ఏమీ మిగలదు. ఆ ఊరి గైడు వస్తే వేరే సంగతి. ఏ గుడ్లగూబ ఏ చెట్టు మీద పగలు నిద్రపోతుందో వాడికి తెలుసు, ఎందుకంటే వాడు రోజూ చూసొస్తాడు. అక్కడ త్రీ బ్యాండెడ్ కోర్సర్ అని ఒకటుంది, దాన్ని తప్పకుండా అడుగు. రాత్రి తిరిగే పక్షి, పగలు పొద కింద నేలరంగులో కలిసిపోయి నిలబడుతుంది. రెండు గజాల దూరంలో ఉన్నా నీకు రాళ్లే కనబడతాయి. వేలు పెట్టి చూపిస్తే అప్పుడు ఒక రాయికి కళ్లు వస్తాయి. మన కడప జిల్లా కలివికోడి ఈ ప్రజాతిదే. 1900 తర్వాత జాడ లేక అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ దొరికింది కదా. వెతికింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లే అయినా, రాత్రి లైటు వేసి పట్టుకున్నది ఐతన్న అనే అక్కడి వేటగాడు. పక్షుల చరిత్రలో శాస్త్రవేత్త పేరు ముందు, అతని పేరు తర్వాత వస్తుంది. నన్నడిగితే వరస మార్చాలంటాను.

కాకమేగా పూర్తిగా వేరే లోకం. కాంగో అడవి ఒకప్పుడు అంతదాకా ఉండేదనడానికి తూర్పున మిగిలిన ఆనవాలు అది. పక్షులన్నీ చెట్ల చిటారున ఉంటాయి, గంటలో మెడ పట్టేస్తుంది. గ్రేట్ బ్లూ టురాకో మాత్రం నిన్ను వెతికించదు, కోడిపుంజంత నీలం పక్షి కొమ్మల మీద పరుగెత్తుతూ కేకలు పెడుతుంది. నేను చెప్పదలచుకున్నది దాని గురించి కాదు. అక్కడ మంచి గైడు పైకి చూడడు, నేల చూస్తాడు. సియాఫు అనే చీమలు బారులు తీరి అడవిలో నడుస్తుంటాయి. వాటికి భయపడి ఆకుల కింది పురుగులు బయటికి దూకితే, వాటిని పట్టుకోవడానికి కొన్ని పిట్టలు చీమల వెంటే తిరుగుతాయి. చీమల దండు దొరికితే, ఎప్పుడూ నీడల్లో నక్కి ఉండే పిట్టలు నీ కాళ్ల ముందే ఆడతాయి. ప్యాంటు సాక్సులోకి దోపుకో, ఆ చీమలు కుడితే పక్షులు గుర్తుండవు.

మనిషికి పక్షి దారి చూపించడం కూడా అక్కడ ఉంది. గ్రేటర్ హనీగైడ్ అనే పిట్ట తేనెపట్టు దాకా మనిషిని పిలుచుకుపోతుంది. కెన్యా ఉత్తరాన బోరాన్ పశువుల కాపరులు గుప్పిళ్లలోకి ఊది ఈల వేస్తే వస్తుంది, చెట్టు చెట్టుకూ ఆగుతూ నడిపిస్తుంది. తేనె మనిషికి, మైనం దానికి. ఇది కట్టుకథ కాదని హుసేన్ ఐజాక్ అనే కెన్యా శాస్త్రవేత్త, రేయర్‌తో కలిసి 1989లో సైన్స్ పత్రికలో లెక్కలతో రాశాడు. కొత్త ప్రాంతంలో పిట్ట సాయం లేకుండా ఒక్క తేనెపట్టు దొరకడానికి సగటున 8.9 గంటలు పడితే, పిట్ట వెంట వెళితే 3.2 గంటలు పట్టిందట.

మారాలో నీకు నా అవసరం లేదు, అక్కడ పక్షులు వాటంతటవే కనబడతాయి. లైలాక్ బ్రెస్టెడ్ రోలర్ కంపమీద కూర్చుని ఉంటుంది, మన పాలపిట్ట చుట్టమే. కోరి బస్టర్డ్‌ను చూసినప్పుడు మాత్రం కాసేపు బండి ఆపించు. పాత కర్నూలు జిల్లా రోళ్లపాడులో మనం నిలుపుకోలేకపోయిన బట్టమేక పిట్ట దాని ప్రజాతిదే. రాబందులను లెక్కపెట్టు. ఇక్కడ పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు వాటిని చంపితే, అక్కడ సింహాల మీద కోపంతో కళేబరాలకు పూసే కార్బోఫ్యూరాన్ అనే పురుగుమందు చంపుతోంది. ఆకాశంలో చిన్న డేగలు గుంపుగా కనబడితే అముర్ ఫాల్కన్లేమో చూడు. నాగాలాండ్‌లో ఆగి, మన దేశాన్నీ అరేబియా సముద్రాన్నీ దాటి నువ్వెళ్లే రోజుల్లోనే అవి అక్కడికి చేరతాయి. 2012 దాకా నాగాలాండ్‌లో వాటిని వలలేసి వేలకొద్దీ పట్టేవాళ్లు. మరుసటేడు ఆపిందీ ఆ ఊళ్లవాళ్లే.

సెలవు మిగిలితే ఉగాండాలో ఎంటెబ్బే పక్కనున్న మబాంబా చిత్తడికి పో. షూబిల్ అక్కడుంటుంది, చెప్పులాంటి ముక్కుతో మనిషి నడుము దాటే ఎత్తున్న పక్షి. అది ఎదురైతే ఆ రోజు చేపలు పడవని జాలర్లు ఒకప్పుడు దాన్ని చంపేవాళ్లు. ఇప్పుడు ఆ జాలర్ల పిల్లలే పడవ మీద తీసుకెళ్లి చూపించి కూలి తీసుకుంటారు. నీ డబ్బు చేసే పని అది. లెన్సు కొంటే ఆ డబ్బు జపాన్‌కు పోతుంది, మబాంబాకు కాదు.

గైడును ఎంచుకునేటప్పుడు కెన్యా సఫారీ గైడ్ల సంఘం ఇచ్చే సిల్వర్ బ్యాడ్జీ ఉందా అని అడుగు, పక్షులు తెలుసా అని విడిగా అడుగు. స్టీవెన్సన్, ఫాన్షా రాసిన బర్డ్స్ ఆఫ్ ఈస్ట్ ఆఫ్రికా పుస్తకం, ఎనిమిది రెట్లు చూపే బైనాక్యులర్స్ చాలు. నైరోబీలో దిగే రోజు మంగళవారం అయ్యేలా టికెట్ తీసుకో. నేచర్ కెన్యా వాళ్లు బుధవారం పొద్దున మ్యూజియం దగ్గర్నుంచి పక్షుల నడకకు తీసుకెళ్తారు, ఎవరైనా రావచ్చు. నేను ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వెళ్లేవాణ్ని. మీ అమ్మకు చెప్పకు, అప్పట్లో సెలవుల్లేవని దాని పెళ్లిచూపులకు రాలేదు.

ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోకు. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుంటేనే చెల్లుతుంది. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు లేకుండా తిరిగొస్తే విమానాశ్రయం నుంచే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌కు పంపుతారు. ఈ వారమే వెళ్లిరా.

మావయ్య