పడవ కొనేముందు

మేనల్లుడా,

చిన్న ఫిషింగ్ బోటు కొనాలా, పాంటూన్ కొనాలా అని అడిగావు. పద్నాలుగు, పదహారు అడుగుల అల్యూమినియం ఫిషింగ్ బోటే కొనమంటాను. పాంటూన్ తీసిపారేయదగ్గదని కాదు. మీ మిన్నెసోటాలోనే, రిచ్‌మండ్ అనే చిన్న ఊళ్లో 1952లో ఆంబ్రోస్ వీరెస్ మొదలుపెట్టిన తయారీ అది. గొట్టాల మీద తేలే వెడల్పాటి డెక్కు కాబట్టి మనుషులు అటూ ఇటూ తిరిగినా పెద్దగా ఒరగదు, పదిమంది హాయిగా కూర్చుంటారు. అయితే ఆ పదిమంది నీకు ఏడాదిలో ఎన్నిసార్లు కుదురుతారు? పడవను ఎంచుకోవలసింది పండగనాటి లెక్కతో కాదు, మామూలు బుధవారం సాయంత్రం లెక్కతో. ఆఫీసు అయ్యాక ఒక్కడివే కారుకు ట్రెయిలర్ తగిలించుకుని వెళ్లి, ర్యాంప్ మీద పడవ దింపి, చీకటి పడేలోగా మళ్లీ ఎక్కించుకోవాలి. ఇంజనూ ట్రెయిలరూ కలిపితే పాంటూన్ టన్ను దాటుతుంది, దాన్ని లాగడానికి పెద్ద బండి కావాలి. పైగా దాని పక్కలు ఎత్తు. గాలి వీస్తే ర్యాంప్ దగ్గర ఒక్కడి చేతికి లొంగదు. సరస్సు వదిలే ప్రతిసారీ నాచు దులిపి, నీళ్లు వంపేసి, అడుగు బిరడా తీసే ప్రయాణించాలని మీ రాష్ట్ర చట్టం. ఆ పని చిన్న పడవకు నిమిషాల్లో అవుతుంది. ఇక ఏడాదిలో సగానికి దగ్గరగా సరస్సులు గడ్డకట్టి పడవలకు పనికిరావు. అన్నాళ్లూ పాంటూన్‌ను ఎక్కడ పెడతావు? శ్రమ ఎక్కువైన పడవ ఇంటిముందే ఉండిపోతుంది.

వేసవికి అమ్మానాన్నలు వస్తే ఎలా అంటావు. మోకాళ్ల నొప్పులతో మీ అమ్మ ఊగే పడవలో కాలు పెట్టలేదు, నిజమే. ఆ నాలుగు రోజులకు పాంటూన్ అద్దెకు తీసుకో; పూటకింతని ఇచ్చేవాళ్లు పెద్ద సరస్సుల దగ్గర ఉంటారు. చిన్న పడవ ప్రమాదం కదా అన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. అమెరికా కోస్ట్ గార్డ్ నివేదికల్లో మునిగిపోయినవాళ్లలో ఎక్కువమంది ఇరవై ఒక్క అడుగుల లోపు పడవల్లో ఉన్నవాళ్లే. కానీ అవే నివేదికలు ఇంకో మాటా చెబుతున్నాయి: అలా పోయినవాళ్లలో ప్రతి పదిమందిలో ఎనిమిదిమందికి పైగా లైఫ్ జాకెట్ వేసుకోలేదు. అందుకే జాకెట్ వేసుకోకుండా పడవ ఎక్కకు, పడవ మీది కెపాసిటీ ప్లేటు చూసి అంతకు మించి ఒక్కరినీ ఎక్కించకు, ఇంజను ఆపే తాడు ఒంటికి తగిలించుకో. మిల్ లాక్స్ లాంటి చోట మాత్రం జాగ్రత్త. అంత విశాలమైన సరస్సుకు లోతు ఎక్కడా నలభై రెండడుగులు మించదు, గాలికి అలలు తొందరగా నిట్టనిలువుగా లేస్తాయి. అలాంటి రోజు చిన్న పడవ తీయనే తీయకు.

ఒడ్డున నీకు సొంత డాక్ ఉండి, ఎప్పుడు వెళ్లినా ఇంటిల్లిపాదీ వెళ్లేట్లయితే పాంటూనే సరైనది. ఇప్పుడు నీకు ఆ రెండూ లేవు. బేరం కుదిరినా కుదరకపోయినా, ముందు పిల్లల కొలతకు సరిపోయే జాకెట్లు కొను నాయనా.

మామయ్య