పటం మీద ఉదయగిరి ఎక్కుదాం

నెల్లూరుకు తూర్పున, పెన్నా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఇందుకూరుపేట ఉంది. అక్కడ వరిపొలాలు, రొయ్యల గుంటలు, కొబ్బరిచెట్లు ఉన్నాయి గాని కొండ మాత్రం లేదు. ఊరు సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఈ ఊరి బడిపిల్లలు నలభై మంది, ఒక్క రోజులో ఉదయగిరి దుర్గం చూచి రావాలని అనుకున్నారనుకోండి. దుర్గం ఎత్తు 3,079 అడుగులు, అంటే సుమారు 939 మీటర్లు. మిట్ట కూడా ఎక్కి అలవాటు లేని కాళ్ళు అంత కొండ ఎక్కగలవా? చీకటి పడకముందే దిగి రాగలరా? ఎంత నీరు మోసుకుపోవాలి? ఈ ప్రశ్నలకు చాలావరకు బడిలో కూర్చునే జవాబు చెప్పవచ్చు. అందుకు ఒక పటం, ఒక దారం, కొంచెం లెక్క చాలు.

ముందు పటం సంగతి. 1767లో మొదలైన భారత సర్వేక్షణ సంస్థ మన దేశాన్ని గళ్ళుగా విభజించి పటాలు తయారుచేసింది. చాలాకాలంగా వాడుకలో ఉన్న అంకెల పద్ధతి ప్రకారం ఉదయగిరి 57 ఎన్/5 పటంలోనూ, ఇందుకూరుపేట 66 బి/3 పటంలోనూ వస్తాయి. ఒకే జిల్లాలోని రెండు ఊళ్ళకు ఇంత వేరు అంకెలు ఎందుకంటే, 80 డిగ్రీల తూర్పు రేఖాంశం నెల్లూరు పట్టణాన్ని దాదాపు ఆనుకొని పోతుంది. ఆ గీతకు పడమర ఉన్నది 57, తూర్పున ఉన్నది 66. మన బస్సు ఆ గీత దాటినట్లు ఎవరికీ తెలియదు. కాని పటం మాత్రం మారిపోతుంది.

ఈ పటాల స్కేలు 1:50,000. అంటే పటం మీద 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు. వీటిలో గోధుమరంగు గీతలు వంకరటింకరగా కనిపిస్తాయి. అవే సమోన్నత రేఖలు. ఇవేమిటో తెలియాలంటే ఒక తొట్టిలో మొనదేలిన రాయి పెట్టి, ఒక అంగుళం ఎత్తు నీళ్ళు పోయండి. నీరు రాయిని తాకిన చోట సుద్దతో గీత గీయండి. మరో అంగుళం నీరు పోసి మళ్ళీ గీయండి. రాయి మునిగేదాకా ఇలా చేసి, నీళ్ళు తీసివేసి పైనుంచి చూడండి. ఒకదానిలో ఒకటి ఇమిడిన గీతలు కనిపిస్తాయి. రాయి ఏటవాలుగా ఉన్నవైపు గీతలు దూరదూరంగానూ, నిటారుగా ఉన్నవైపు ఒకదానినొకటి రాసుకున్నట్లుగానూ ఉంటాయి. పటంలో ఒక్కొక్క గీతకు 20 మీటర్ల ఎత్తు తేడా.

ఉదయగిరి పటంలో ఈ గీతలు కొన్నిచోట్ల కలిసిపోయినంత దగ్గరగా వస్తాయి. అక్కడ దాదాపు వెయ్యి అడుగుల నిలువు చరియలున్నాయి. పూర్వం కొండ మీద ఎనిమిది, కింద ఐదు, మొత్తం పదమూడు కోటలుండేవి. చరియలకే సగం కాపలా పని అప్పగించారన్నమాట! 1513లో శ్రీకృష్ణదేవరాయలు దీనిని గజపతుల నుండి పట్టుకోవడానికి వచ్చాడు. ఈ కోటను ఆకలితో మాడ్చి లొంగదీసుకోవలసిందే తప్ప వేరే దారి లేదని న్యూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు ఆ శతాబ్దంలోనే వ్రాశాడు. రాయల సైనికులు బండలు పగులగొట్టి దారులు వేశారట. ముట్టడి ఏడాదిన్నర సాగింది. 1514లో కోట చిక్కింది. ఇక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఎక్కలేని కొండ మీద నీరు, తిండి ఉన్నన్నాళ్ళు లోపలివారిదే పైచేయి. అవి మోసుకుపోవలసిన మన పరిస్థితి వేరు.

ఇక కాలం లెక్క. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు ఒక తేలిక సూత్రం చెప్పాడు. దారి పొడవులో ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ఎత్తులో ప్రతి 600 మీటర్లకు మరొక గంట. దారి పొడవు కావాలంటే పటంలోని కాలిబాట వంపుల వెంట దారం పరచి, తర్వాత దారాన్ని స్కేలుతో కొలవాలి. నేరుగా గీత గీసి కొలిస్తే కొండ దగ్గర మోసపోతాం. దారం 12 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. అది 6 కిలోమీటర్లు, అంటే 1 గంట 12 నిమిషాలు. కొండ అడుగున గీత మీద 240 అని ఉంటే ఎక్కవలసింది 700 మీటర్లు. దీనికి 1 గంట 10 నిమిషాలు. మొత్తం దాదాపు రెండుంబావు గంటలు. కాని నైస్మిత్ చలిదేశంలో గట్టికాళ్ళ పెద్దలను చూచి చెప్పిన లెక్క ఇది. మన పిల్లలకు, మన ఎండకు సగం కాలం కలిపి మూడున్నర గంటలు వేసుకోవడం మంచిది. గుంపు నడక ఎప్పుడూ అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడి నడకే. కాబట్టి అతనిని ముందు నడవనివ్వండి.

ఏ నెలలో పోవాలి? ఏప్రిల్, మే నెలల ఎండలో ఆ రాళ్ళ మీద నడవడం ప్రమాదం. నెల్లూరు జిల్లాకు ఎక్కువ వాన తెచ్చేవి ఈశాన్య ఋతుపవనాలు. అందుచేత అక్టోబరు నుండి డిసెంబరు దాకా తుపానుల భయం. జనవరి మేలు. అప్పుడు సూర్యుడు సాయంత్రం ఆరుగంటల ప్రాంతంలో అస్తమిస్తాడు. తెల్లవారుజామున నాలుగింటికి బస్సు బయలుదేరి నెల్లూరు, సంగం, ఆత్మకూరు మీదుగా పోతే ఏడున్నరకు కొండ అడుగున ఉండవచ్చు. పదకొండుకు పైకి చేరి, ఒంటిగంటకు దిగడం మొదలుపెట్టాలి. దిగడానికి మూడుగంటలు పట్టినా ఇంకా రెండుగంటల వెలుగు చేతిలో ఉంటుంది. ఆ రెండుగంటలను పైన ఖర్చు పెట్టకూడదు. ఎవరి కాలైనా బెణికితే అక్కరకు వచ్చేవి అవే.

కొండ ఎక్కేటప్పుడు గంటకు అరలీటరు నుండి లీటరు దాకా నీరు చెమటగా పోవచ్చు. మనిషికి మూడు లీటర్లు పెట్టుకుందాం. అంటే మూడు కిలోల బరువు, నలభై మందికి 120 లీటర్లు! దారిలో గుంట కనిపిస్తుందిలే అనుకోవద్దు. పటంలో నీలిరంగు చుక్క ఉన్నా ఈ ఏడు అందులో నీరుందో లేదో ఊరివారే చెప్పాలి. అటవీశాఖ వారిని అడిగి, దారి తెలిసినవారిని వెంటబెట్టుకొనే పోవాలి. ఉప్పు, పంచదార కలిపిన నీరు కొంత ఉంచుకోండి. పైన వంట చేద్దామనుకుంటే, అక్కడ గాలి పీడనం తక్కువ కాబట్టి నీరు సుమారు 97 డిగ్రీల సెంటిగ్రేడుకే మరుగుతుంది. కందిపప్పు ఆలస్యంగా ఉడుకుతుంది. పులిహోర పొట్లం మేలు!

కొండ మీద కాళ్ళకింద రాయిని కూడా చూడండి. వెలిగొండలలో విస్తారంగా కనిపించే రాయి క్వార్ట్‌జైట్. వంద కోట్ల సంవత్సరాలకు పూర్వమే సముద్రం అడుగున, ఒడ్డున పేరుకున్న ఇసుక గట్టిపడి ఈ రాయి అయింది. మైపాడు ఇసుక మీద అలలు గీసే సన్నని మడతల వంటివే ఇలాంటి పాతరాళ్ళలోనూ దొరుకుతాయి. దక్షిణ చైనాలోని గుయ్‌లిన్ కొండలు సున్నపురాతివి. వాననీటికి కరిగి కరిగి స్తంభాల్లా నిలిచాయి. క్వార్ట్‌జైట్ అలా కరగదు. అయినా వానలూ నదులూ దానినీ కొంచెం కొంచెంగా అరగదీస్తాయి. పెన్నా నది సోమశిల దగ్గర ఈ కొండలను చీల్చుకొని వస్తూ తెచ్చిన మట్టీ ఇసుకా పరచిన నేలమీదే ఇందుకూరుపేట ఉంది.

పైకి వెళ్ళాక మన సముద్రం కనబడుతుందా? భూమి గుండ్రంగా ఉన్నందున చూపు కొంత దూరమే పోతుంది. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లను మనమున్న ఎత్తు 0.939 కిలోమీటరుతో హెచ్చవేసి, వర్గమూలం కట్టండి. సుమారు 109 కిలోమీటర్లు వస్తుంది. దుర్గం నుండి నేరుగా తూర్పున తీరం 80, 90 కిలోమీటర్ల మధ్యే ఉంది. అంటే భూమి అడ్డురాదు. అడ్డువచ్చేది దుమ్మూ, తేమా. ముందురోజు వాన పడి గాలి కడిగినట్లుంటే, తూర్పు అంచున వెలుగుగీత కోసం చూడండి. ఇందుకూరుపేట మాత్రం తూర్పుకు కొంచెం దక్షిణంగా, 95 కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉంటుంది.

ఇదే లెక్కను తిరగవేయవచ్చు. ఊరిలో నేలమీద నిలబడినవాని చూపు 5 కిలోమీటర్ల దాకా పోతుంది. మొత్తం దూరం 98 కిలోమీటర్లనుకుంటే మిగిలింది 93. దానిని దానితోనే హెచ్చవేసి 12,742తో భాగించండి. దుర్గంలో అంత ఎత్తు భూమి వంపు వెనుక దాగి ఉంటుంది. మిగిలిన భాగం ఎన్ని మీటర్లో కట్టి, ఊరిలో చెట్లు అడ్డులేని మేడ ఏదో వెతకండి.