ఆరు చుక్కల చదువు

ముగ్గుకు ముందు చుక్కలు పెడతారు. చుక్కలు కలిపితే ముగ్గు అవుతుంది. చుక్కలు కలపకుండానే అక్షరాలయ్యే చదువు ఒకటుంది. దాని పేరు బ్రెయిలీ. చూపు లేనివాళ్లు దాన్ని వేలితో తడిమి చదువుతారు.

ఫ్రాన్సు దేశంలో లూయీ బ్రెయిలీ 1809లో పుట్టాడు. నాయన గుర్రాల జీనులు చేసేవాడు. మూడేళ్లప్పుడు తోలు కుట్టే ఆరె కంట్లో గుచ్చుకుంది. రెండు కళ్లూ పోయాయి. పదిహేనేళ్లకే ఆ పిల్లవాడు ఈ లిపి తయారు చేశాడు. మన దేశ భాషలకు 1951లో భారతీ బ్రెయిలీ వచ్చింది. తెలుగు బ్రెయిలీ అందులోదే.

ఒక గడిలో ఆరు చుక్కలకు చోటుంటుంది. ఎడమ పక్క పైనుంచి కిందికి 1, 2, 3. కుడి పక్క 4, 5, 6. ఏ చుక్కలు ఉబ్బి ఉంటే ఆ అక్షరం.

అ : 1
ఆ : 3, 4, 5
ఇ : 2, 4
క : 1, 3
ల : 1, 2, 3

ఇందులో గుడి, కొమ్ము ఉండవు. ‘కి’ రాయాలంటే ‘క’ పక్కన ‘ఇ’ పెట్టాలి. కాకి అంటే నాలుగు గడులు: క, ఆ, క, ఇ. గుణింతం వచ్చినవాళ్లకు ఇదేమంత కష్టం కాదు.

శామీర్‌పేట దగ్గర ఒక బడి అనుకోండి. తరగతిలో చూపు లేని పాప ఉంది. టీచరమ్మకు చూపుంది, బ్రెయిలీ రాదు. పాప బ్రెయిలీ పలకలో కాగితం బిగించి, మొన ఉన్న చిన్న కడ్డీతో చుక్కలు పొడుస్తుంది. కుడి నుంచి ఎడమకు రాస్తుంది. కాగితం తిప్పితే చుక్కలు ఉబ్బి ఉంటాయి. అప్పుడు ఎడమ నుంచి కుడికి చదవాలి. టీచరమ్మ చేతికి అది గరుకుగా తగులుతుంది, అంతే.

“ఏం రాసినవ్ బిడ్డా, చదివి చెప్పు” అంటుంది.

పాప ‘కాకి’ అని రాయబోయి ‘కాక’ అని రాసింది. కానీ ‘కాకి’ అనే చదివింది. “మంచిగ రాసినవ్” అంది టీచరమ్మ. తప్పు కాగితం మీద అట్లనే ఉండిపోయింది. ఏడాదంతా ఇట్లా నడిస్తే పాపకు మాటలొస్తాయి గానీ రాత రాదు.

ఇప్పుడు దీనికి చిన్న యంత్రాలున్నాయి. ఆర్బిట్ రీడర్ 20 అలాంటిదే. దాని మీద 20 గడులుంటాయి. గడిలో సన్నని మొనలు పైకి లేస్తాయి, కిందికి దిగుతాయి. వరుస చదివి మీట నొక్కితే కొత్త వరుస లేస్తుంది. రాయడానికి చుక్కకో మీట ఉంటుంది. ‘ఆ’ రాయాలంటే 3, 4, 5 మీటలు ఒక్కసారే నొక్కాలి. యంత్రాన్ని కంప్యూటరుకు కలిపి తెలుగు బ్రెయిలీ అమర్చాలి. అప్పుడు పాప రాసింది తెర మీద తెలుగు అక్షరాలై కనిపిస్తుంది. టీచరమ్మ టైపు చేసింది పాప వేళ్ల కింద చుక్కలై లేస్తుంది. ‘కాక’ అని రాస్తే ఇక దాగదు.

ఒక చిక్కుంది. తెలుగు టైపింగులో పాత ఫాంట్లున్నాయి. అను ఫాంట్లు అలాంటివే. కంటికి తెలుగే కనిపిస్తుంది. లోపల మాత్రం ఇంగ్లీషు గుర్తులుంటాయి. యంత్రం ఆ గుర్తులనే చదివి, అర్థం లేని చుక్కలు లేపుతుంది. అందుకే పాఠాన్ని యూనికోడులో టైపు చేయాలి. పుస్తకం పేజీని ఫోటో తీసి పంపినా యంత్రానికి అది ఉత్త బొమ్మే.

యంత్రం ఉంది కదా అని టీచరు చుక్కలు నేర్చుకోవడం మానకూడదు. చూపున్నవాళ్లు వేలితో తడమక్కరలేదు, కంటితో చూసి చదవొచ్చు. చార్జింగు అయిపోయిన రోజు కాగితం, పలకే దిక్కు.

2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. దాని మొదటి ముసాయిదా పనిలో శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం పాలుపంచుకుంది. 40 శాతం, ఆపైన లోపం ఉన్నట్లు ధ్రువపత్రం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. దగ్గరి బడిలోనైనా సరే, ప్రత్యేక బడిలోనైనా సరే. పుస్తకాలు, పరికరాలు 18 ఏళ్ల దాకా ఉచితంగా ఇవ్వాలి. బ్రెయిలీ వచ్చిన టీచర్లను పెట్టాలని కూడా అందులో ఉంది. చట్టంలో ఉన్నంత మాత్రాన యంత్రం నడిచి రాదు. మేడ్చల్‌లో అయినా, శామీర్‌పేటలో అయినా తల్లి ముందు బడి పెద్దసారును అడగాలి. తర్వాత మండల విద్యాధికారికి కాగితం రాసి ఇవ్వాలి. నకలు దగ్గర ఉంచుకోవాలి.

ఈ నాలుగు గడులు చదవండి. ఏ మాట వచ్చింది?

3, 4, 5
1, 3
1, 2, 3
2, 4