సన్నరంపం మిషను కొనేముందు

ర, ఠ, అ. ఈ అక్షరాలను వేలితో దిద్ది చూడండి. వేలు ఎటు తిరిగింది? గుండ్రంగా తిరిగింది. మన తెలుగు అక్షరాల్లో వంపులే ఎక్కువ.

ఈ అక్షరాలను పలుచని చెక్కలో కోసి పిల్లల చేతికిస్తే ఎంత బాగుంటుంది! పిల్లలు తడిమి చూస్తారు. ఆడుకుంటూ నేర్చుకుంటారు. కానీ వడ్రంగి పెద్ద రంపం తిన్నగానే కోస్తుంది. వంపు తిరగదు. వంపు తిరగాలంటే సన్నని బ్లేడు కావాలి.

అలాంటి బ్లేడుతో కరెంటు మిషను ఒకటి ఉంది. దుకాణంలో దాన్ని స్క్రోల్ సా అంటారు. మనం సన్నరంపం మిషను అందాం. దానికి ఒక చిన్న బల్ల ఉంటుంది. బల్ల మధ్య కన్నం ఉంటుంది. ఆ కన్నంలో బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంది. కుట్టుమిషను సూది ఆడినట్టే. చెక్కను బల్లకు ఆనించి మెల్లగా తిప్పాలి. గీసిన గీత వెంట చెక్క తెగుతుంది.

ఈ మిషను చవక కాదు. పొదుపు డబ్బు పెట్టో, అప్పు తెచ్చో కొనాలి. పనికిరాని మిషను కొంటే అది మూలన పడుతుంది. వాయిదాలు మాత్రం కట్టాల్సిందే. అందుకే ముందు పని చూసుకోవాలి. ఆ తర్వాతే ధర అడగాలి.

ఏ పనికి ఈ మిషను?

కొండపల్లి బొమ్మలను తెల్లపొణికి కర్రతో చేస్తారు. ఉలితో చెక్కుతారు. ఏటికొప్పాక బొమ్మలను అంకుడు కర్రతో చేస్తారు. కర్రను లేతు మీద తిప్పి నునుపు చేస్తారు. ఈ రెండు పనులకూ మన మిషను అక్కరలేదు. పలుచని చెక్కను, ప్లైవుడ్డును ఆకారాలుగా కోయడానికే ఇది పనికొస్తుంది. అక్షరాలు, పక్షులు, పువ్వులు, ముక్కలు కలిపి ఆడే బొమ్మలు దీంతో కోయవచ్చు.

ముందు చేతి రంపం

"అక్కా, పక్క ఊళ్లో మిషను కొన్నారట. మనమూ కొందామా?"

"ఉండవే. ముందు చేత్తో కోసి చూద్దాం."

"చేత్తోనా? ఎంతసేపు పడుతుంది?"

"పట్టనీ. నెల రోజులు కోద్దాం. ఈ పని మనకు నచ్చిందో లేదో తెలుస్తుంది. చేయి కూడా తిరుగుతుంది. నచ్చకపోతే పోయేది చేతి రంపం ఖర్చే కదా!"

అక్క మాట నిజం. చేతి రంపానికి విల్లులాంటి ఇనప చట్రం ఉంటుంది. దానికి సన్నని బ్లేడు బిగిస్తారు. దుకాణంలో ఫ్రెట్ సా అని అడగండి. మిషను చేసే వంపులన్నీ ఇదీ చేస్తుంది. కాకపోతే ఆలస్యం అవుతుంది. చెయ్యి నొప్పి పెడుతుంది.

దుకాణంలో ఏం చూడాలి?

1. బ్లేడు బిగించే తీరు చూడండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. 'ర' లోపల ఖాళీ ఉంది. ఆ ఖాళీని కోయాలంటే ముందు చెక్కకు చిన్న కన్నం పెట్టాలి. బ్లేడు ఒక కొస విప్పాలి. కన్నంలోంచి దూర్చి మళ్లీ బిగించాలి. పది 'ర'లు కోస్తే పదిసార్లు ఈ పని చేయాలి. పానా లేకుండా చేత్తో బిగించే మిషను అయితే సులువు.

కొన్ని బ్లేడ్ల కొసల్లో చిన్న అడ్డపుల్ల ఉంటుంది. వాటిని పిన్ను బ్లేడ్లు అంటారు. ఆ పుల్ల దూరాలంటే కన్నం పెద్దది కావాలి. చిన్న అక్షరం పాడవుతుంది. పిన్ను లేని బ్లేడుకు సన్నని కన్నం చాలు. కాబట్టి పిన్ను లేని బ్లేడు పట్టే మిషను తీసుకోండి. 5 అంగుళాల బ్లేడు పడుతుందా అని కూడా అడగండి. ఎక్కువగా దొరికేది ఆ కొలతే.

2. లోతు కొలవండి. బ్లేడు నుంచి వెనక కంబం దాకా ఎంత దూరం ఉందో టేపుతో చూడండి. చెక్కను తిప్పేటప్పుడు ఆ కంబానికి తగలకూడదు. చాలా చిన్న మిషన్లకు 16 అంగుళాల లోతు ఉంటుంది. అక్షరాలకు అది చాలు. పెద్ద లోతు కోసం ఎక్కువ డబ్బు పోయకండి.

3. అదురు చూడండి. మిషనును గట్టి బల్ల మీద పెట్టించండి. దాని మీద రూపాయి బిళ్లను అంచు మీద నిలబెట్టండి. మిషను వేయించండి. బిళ్ల నిలబడితే మంచి మిషను. మిషను బాగా అదిరితే గీత తప్పుతుంది. చేతులూ తిమ్మిరెక్కుతాయి.

4. వేగం తగ్గించే మర ఉందా? పలుచని చెక్కకు, కొత్త చేతికి నెమ్మది వేగం మంచిది. ఒకే వేగంతో ఆడే మిషను కొనకండి.

బిల్లు అడిగి తీసుకోండి. చెడితే ఎక్కడ బాగుచేస్తారో కనుక్కోండి. కరెంటుకు భయపడనక్కర లేదు. 100 వాట్ల మోటారు 10 గంటలు తిరిగితే 1 యూనిట్ అవుతుంది. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగు మాత్రం ఉండాలి.

లెక్క చేద్దాం

ధరలు ఇలా ఉన్నాయని అనుకుందాం.

మిషను: 9,000 రూపాయలు
కన్నాలు పెట్టే డ్రిల్లు: 1,500 రూపాయలు
బ్లేడ్లు: 600 రూపాయలు
కళ్లద్దాలు, మాస్కులు: 400 రూపాయలు
మొత్తం: 11,500 రూపాయలు

పదిమంది కలిస్తే ఒక్కొక్కరికి 1,150 రూపాయలు. చూశారా! మిషను ధర ఒక్కటే ఖర్చు కాదు. మీ ఊరి ధరలు వేసి మళ్లీ లెక్క కట్టండి.

బొమ్మలు అమ్మాలనుకుంటే ఇంకో మాట. 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర పేరు నమోదైన చేతిపనివారికి మినహాయింపు ఇచ్చారు. డబ్బు పెట్టకముందే ఈ సంగతి కనుక్కోండి. మూడేళ్లలోపు పిల్లలకు చిన్న ముక్కలు ఇవ్వకండి. గొంతులో అడ్డుపడతాయి.

వేళ్లు జాగ్రత్త, ఊపిరి జాగ్రత్త

పైట బిగించి దోపుకోండి. జడను ముడి వేసుకోండి. గాజులు తీసి పెట్టండి. బ్లేడు మార్చేముందు ప్లగ్గు పీకండి. బ్లేడుకు ఎదురుగా వేలు పెట్టకండి. చెక్కను బల్లకు గట్టిగా అదమండి. లేకపోతే బ్లేడు పైకి వచ్చేటప్పుడు చెక్కను ఎగరేస్తుంది.

రంపపు పొట్టును తేలిగ్గా తీసుకోకండి. మిషనుకు ఉన్న గాలిగొట్టం గీత మీది పొట్టును ఊదేస్తుంది. ఆ పొట్టు మన ముక్కులోకే వస్తుంది. చెక్క ధూళి వల్ల క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో తేల్చింది. పైట కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు. మంచి మాస్కు కట్టుకోండి. వంటింట్లో, పిల్లలు పడుకునే గదిలో మిషను పెట్టకండి.

ఆలోచించండి, చెప్పండి

1. మిషను కంటే ముందు చేతి రంపం ఎందుకు కొనాలి?
2. 'ర' లోపలి ఖాళీని ఎలా కోస్తారు?
3. 'ఠ' లోపల చుక్క ఉంది. చుట్టూ ఖాళీ కోస్తే ఆ చుక్క ఏమవుతుంది? ఊడి రాకుండా ఏం చేయవచ్చు?
4. మీ పేరులోని అక్షరాలు రాయండి. లోపల ఖాళీ ఉన్న అక్షరాలు ఎన్ని? అన్ని కన్నాలు పెట్టాలి!