శుక్లం ఆపరేషన్: ఖర్చు దేనికి, డబ్బు ఎలా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయన్నారు. కంటికి ఒక ఆసుపత్రిలో 18 వేలు, ఇంకోచోట 35 వేలు, మరోచోట 75 వేలు చెప్పారు. ఒకే ఆపరేషన్‌కు ఇంత తేడా ఏమిటి? తక్కువలో చేయిస్తే చూపు సరిగా రాదా?
– ఒక పాఠకురాలు, గిద్దలూరు

జవాబు: తేడా ఎక్కువగా లెన్సు దగ్గరే వస్తుంది. పుట్టుకతో కంట్లో ఉన్న లెన్సు వయసుతో మసకబారడమే శుక్లం. దాన్ని తీసేసి ఆ చోట కృత్రిమ లెన్సు పెడతారు. తీసే పద్ధతులు రెండు. చిన్న కోత పెట్టి శుక్లాన్ని మొత్తంగా బయటికి తీసేది ఎస్‌ఐసీఎస్. అంతకన్నా చిన్న రంధ్రంలోంచి అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి లాగేసేది ఫేకో. చాలామంది దీన్నే ‘లేజర్ ఆపరేషన్’ అంటారు గానీ మామూలు ఫేకోలో లేజర్ ఉండదు. సాధారణంగా రెండింట్లోనూ కుట్లు పడవు. ఫేకోలో త్వరగా తేరుకుంటారు. యంత్రం, వాడి పారేసే సామాను ఖరీదైనవి కాబట్టి బిల్లు పెరుగుతుంది. శుక్లం బాగా ముదిరితే డాక్టరే ఎస్‌ఐసీఎస్ మేలనవచ్చు.

ఇక లెన్సులు. మడత పడని గట్టి లెన్సు అన్నిటికన్నా చవక. మడత పడే మోనోఫోకల్ లెన్సుతో దూరం చూపు బాగుంటుంది, చదవడానికి మాత్రం కళ్లజోడు కావాలి. కంట్లో సిలిండర్ పవర్ ఎక్కువుంటే టోరిక్ లెన్సు వేస్తారు. దూరం, దగ్గర రెంటికీ పనికొస్తుందని చెప్పేది మల్టీఫోకల్. మీకు 75 వేలు చెప్పింది బహుశా ఈ చివరి రెండింటిలో ఒకదానికి. మల్టీఫోకల్ వేస్తే రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లకు, గ్లకోమా ఉన్నవాళ్లకు అది సాధారణంగా నప్పదు. మీ అమ్మగారు టీవీ చూడాలి, దారి చూసుకుని నడవాలి, బియ్యంలో రాళ్లు ఏరుకోవాలి అంటే మోనోఫోకల్ లెన్సు, దగ్గరి చూపుకు ఒక కళ్లజోడు చాలు.

మన దేశంలో తయారైన లెన్సంటే నాసిరకమనుకోకండి. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1992లో ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు తయారుచేయడం మొదలెట్టాక, లెన్సు పెట్టే ఆపరేషన్ పేదలకు మరింత అందుబాటులోకి వచ్చింది. ఆ లెన్సులు ఎన్నో దేశాలకు వెళ్తున్నాయి.

డబ్బు కట్టేముందు ‘ప్యాకేజీ’లో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. లెన్సు పవర్ కొలిచే బయోమెట్రీ, రక్తపరీక్షలు, ఈసీజీ, నెల పైచిలుకు వాడే చుక్కల మందులు, తర్వాతి చెకప్‌లు, చివర్లో ఇచ్చే కళ్లజోడు అందులోనివేనా, విడిగా కట్టాలా అడగండి. ఆపరేషన్ అయ్యాక లెన్సు డబ్బాలోని స్టిక్కర్ మీ కేసు కాగితం మీద అంటించాలి. కంపెనీ పేరు, మోడల్, పవర్, సీరియల్ నంబరు దాని మీద ఉంటాయి. చెప్పిన లెన్సే వేశారనడానికి రుజువు అదే.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. రెండెకరాల మెట్ట. బియ్యం కార్డుంది. ఉచితంగా చేసేచోట్లు ఏవి? క్యాంపుల్లో చేసే ఆపరేషన్‌ను నమ్మొచ్చా?
– ఒక రైతు, తర్లుపాడు

జవాబు: నమ్మొచ్చు, ఎవరు, ఎక్కడ చేస్తున్నారో చూసుకుంటే. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976 నుంచీ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో శుక్లం ఆపరేషన్ ఉచితం. మీకు ఒంగోలు ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్) ఉంది. గిద్దలూరు వైపు వాళ్లకు నంద్యాల మీదుగా కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. ధర్మాసుపత్రుల్లో గుంటూరు దగ్గర పెదకాకానిలోని శంకర కంటి ఆసుపత్రి పల్లెల్లో క్యాంపులు పెట్టి, ఎంపికైనవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లి ఆపరేషన్ చేసి పంపుతుంది. డబ్బున్నవాళ్లు కట్టే ఫీజుతో, దాతల సాయంతో పేదలకు ఉచితంగా చేయడం వాళ్ల పద్ధతి. పుట్టపర్తి సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో 1991 నుంచీ వైద్యానికి డబ్బు తీసుకోరు. మార్కాపురం రోడ్డు, గిద్దలూరు స్టేషన్ల మీదుగా ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ అక్కడికి వెళ్తుంది.

క్యాంపు మీ ఊళ్లో జరిగినా పరీక్ష వరకే. ఆపరేషన్ మాత్రం థియేటర్ ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. బడిలోనో కల్యాణమండపంలోనో చేస్తామంటే ఒప్పుకోవద్దు. ఆపరేషన్ తర్వాత మర్నాడు, వారానికి, నెలకు ఎవరు చూస్తారో ముందే అడగండి.

ఇక బియ్యం కార్డువాళ్లకు వర్తించే రాష్ట్ర ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ. అందులో అన్ని ఆపరేషన్లూ అన్ని ఆసుపత్రుల్లో ఉండవు. మీ ఆపరేషన్ జాబితాలో ఉందా, ఎక్కడ చేస్తారు అన్నది ఆసుపత్రిలోని ఆ పథకం సిబ్బందిని గానీ, 104కు ఫోన్ చేసి గానీ అడిగి బయల్దేరండి. 70 నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్య ఖర్చుకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చింది. మీ వయసుకు అది కూడా కనుక్కోండి. ఆధార్ వెంట పెట్టుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఈహెచ్‌ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ అనే ఆరోగ్య పథకాలు ఉన్నాయి.

ప్రశ్న: నాన్నగారికి నేను కట్టే ఆరోగ్య బీమా ఉంది. ఒక్కరోజు కూడా ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదంటున్నారు. మరి బీమా వస్తుందా?
– ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: వస్తుంది. శుక్లం ‘డే కేర్’ చికిత్స, 24 గంటలు ఉండాలన్న షరతు దీనికి వర్తించదు. అయితే పాలసీలో రెండు చోట్ల చూడండి. ఒకటి, వెయిటింగ్ పీరియడ్: శుక్లానికి సాధారణంగా 24 నెలలు ఉంటుంది. రెండోది, కంటికి ఇంత అన్న పరిమితి. ఉదాహరణకు ఆరోగ్య సంజీవని పాలసీలో ఒక కంటికి బీమా మొత్తంలో 25 శాతం, లేదా 40 వేలు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. లక్ష పాలసీ అయితే 25 వేలే. ఆపైన పెట్టే లెన్సు ఖర్చు మీ జేబులోంచే పోతుంది. క్యాష్‌లెస్‌కు ముందుగా అనుమతి తీసుకోండి. లేదంటే బిల్లులు, డిశ్చార్జి కాగితం, లెన్సు స్టిక్కర్ జాగ్రత్త చేసుకుని తర్వాత క్లెయిమ్ పెట్టండి.

ప్రశ్న: శుక్లం పండాకే తీయించాలని మా పెద్దవాళ్లంటారు. పంట చేతికొచ్చేదాకా ఆగమంటారా, వడ్డీకి తెచ్చి చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, రాచర్ల

జవాబు: శుక్లం పండేదాకా ఆగొద్దు, ఎక్కువ వడ్డీకి అప్పూ తేవద్దు. పండేదాకా ఆగాలన్నది పాత పద్ధతుల నాటి మాట. రోజూ పనికి చూపు అడ్డమొస్తోందంటే తీయించే సమయం వచ్చినట్టే. శుక్లం బాగా ముదిరితే గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. కొందరికి కంట్లో ఒత్తిడి పెరిగి చూపు శాశ్వతంగా పోతుంది. ఎండాకాలంలో చేయించకూడదన్నదీ అపోహే.

అయితే డాక్టరు పరీక్షచేసి తొందరేమీ లేదంటే, పంట చేతికొచ్చేదాకా కొన్ని నెలలు ఆగినా ప్రమాదం లేదు. కన్ను ఎర్రబడి, నొప్పి, తలనొప్పి, వాంతులు వస్తే మాత్రం అది అత్యవసరం, అదేరోజు వెళ్లాలి.

వడ్డీ లెక్క చూడండి. 30 వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 900, ఏడాదికి 10,800 వడ్డీకే పోతుంది. ముందు ఉచితంగా చేసే చోట చూపించండి. అక్కడ కుదరకపోతే తక్కువ వడ్డీకి డ్వాక్రా సంఘంలో అడగండి. రెండు కళ్లకూ ఒకేసారి డబ్బు సర్దాల్సిన పని లేదు. మసక ఎక్కువున్న కంటికి ముందు చేయిస్తే, రెండో కంటికి కొన్నాళ్లు గడువు దొరుకుతుంది.

ఆపరేషన్ అయ్యాక నెలలకో ఏళ్లకో మళ్లీ మసకబారితే శుక్లం తిరిగొచ్చిందని భయపడకండి. లెన్సు వెనకాల పొర మందమవుతుంది, అంతే. యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు. దానికి మళ్లీ లెన్సు కొననక్కర్లేదు.